అరువది నాలుగు గడుల సంఖ్య

పెద్ద సంఖ్యను విన్నవారు సాధారణముగా రెండు విధములుగా ప్రవర్తింతురు. కొందరు ఆశ్చర్యముతో నోరు తెఱతురు. కొందరు అది తమకు పట్టని సంగతియని పెదవి విఱతురు. ఈ రెండింటిలో ఏదియు ఆ సంఖ్యను తెలిసికొను మార్గము కాదు. ఆశ్చర్యపడువాడు దానిని దూరమునుండి చూచి నమస్కరించును. పెదవి విఱచువాడు దానిని చూడనే చూడడు. మూడవ మార్గ మొకటి గలదు. సంఖ్యను చేతబట్టి, విడదీసి, కొలిచి, సరియైనదో కాదో పరీక్షించుటయే ఆ మార్గము. చదువుకొను బాలురకు, బాలికలకు నేర్పవలసిన దిదియే.

చదరంగపు కథను ఎఱుగనివారు అరుదు. చదరంగమును కనిపెట్టిన వానిని రాజు మెచ్చి వరము కోరుకొమ్మనెను. అతడు పలకలోని మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు అరువది నాలుగు గడులకు సరిపడు ధాన్యమును కోరెను. రాజు నవ్వి ఒప్పుకొనెను. లెక్క తేలిన పిమ్మట ఆ నవ్వు మాసిపోయెను. ఇది కథయే గాని చరిత్ర కాదు. ఆ లెక్క మాత్రము సత్యము. మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇది ఇరువది అంకెల సంఖ్య.

ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలియవలెనన్న తిరుపతి బాలునకు దూరము పోనక్కఱలేదు. అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాటలో సుమారు 3,550 మెట్లు గలవు. భక్తులు మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కుదురు. అట్లే ఒకడు మొదటి మెట్టుపై ఒక బియ్యపు గింజ నుంచి, మెట్టుమెట్టునకు రెట్టింపు చేయుచు పోవునని తలచుడు. వేయి గింజలు సుమారు ఇరువది గ్రాములు తూగును. పదవ మెట్టుపై 512 గింజలు. అవి పదిగ్రాములకు ఇంచుక యెక్కువ, చారెడు కూడ కావు. ఇరువదవ మెట్టుపై సుమారు పదిన్నర కిలోలు. ముప్పదవ మెట్టుపై పది టన్నులకు మించును; అది ఒక లారీకి సరిపడు బరువు. నలువదవ మెట్టుపై పదునొకండు వేల టన్నులు. అరువది నాలుగవ మెట్టు చేరునప్పటికి మొత్తము బియ్యము సుమారు 36,900 కోట్ల టన్నులగును. ప్రపంచమంతట ఒక యేట పండు బియ్యము ఏబది కోట్ల టన్నులకు కొంచెము ఎక్కువ. అనగా సుమారు ఏడు వందల యేండ్లపాటు లోకములోని వరిపంట యంతయు ఈ అరువది నాలుగు మెట్లకే చెల్లిపోవును. అప్పటికి ఎక్కిన దారి నూటికి రెండు పాళ్లయినను కాదు. మిగిలిన మెట్లన్నియు ఎక్కి మొత్తమును వ్రాయబూనినచో, ఆ సంఖ్యకు 1,069 అంకెలు కావలయును.

ఈ సంఖ్య తెలుగువారికి క్రొత్తది కాదు. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అందు ఆయన ఇరువది నాలుగు స్థానములకు పేర్లు చెప్పెను. ఇరువది అంకెల సంఖ్య అందులో సుఖముగా ఇముడును. ఆ గ్రంథమును పదునొకండవ శతాబ్దివాడని చెప్పబడు పావులూరి మల్లన తెలుగున పద్యములలో వెలయించెను. చదరంగపు గడుల మొత్తమును చెప్పు తెలుగు పద్యమొకటి ఆయన పేర ప్రసిద్ధమైయున్నది. అందు అంకెలు లేవు. అంకెలకు మారుగా మాటలున్నవి. వేదములు నాలుగు గనుక వేద మనిన 4. మన్మథుని బాణములు ఐదు గనుక శర మనిన 5. చంద్రుడు ఒక్కడే గనుక ఆయన పేరు ఏది చెప్పినను 1. ఆకాశము శూన్యము గనుక గగన మనిన 0. ఇట్టి మాటలను ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమ వైపునకు పేర్చుకొని పోవలయును. దీనికి భూతసంఖ్యా పద్ధతి యని పేరు. ఇంచుమించు ఆ కాలముననే, క్రీ.శ. 1000 ప్రాంతమున, మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ దేశమునకు చెందిన అల్-బిరూనీ తన కాలగణన గ్రంథములో ఈ సంఖ్యనే లెక్కగట్టి చూపెను. భాషలు వేఱు, దేశములు వేఱు; వచ్చిన అంకెలు మాత్రము ఒక్కటే.

పద్యములో సంఖ్యను దాచుటకు బలమైన కారణము గలదు. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో భద్రపఱచియున్న తాళపత్రములవంటి వానిని చూచినచో అది తెలియును. పూర్వము గ్రంథములు చేతివ్రాతతో ఒక యాకునుండి మఱియొక యాకునకు ఎక్కెడివి. ఇరువది అంకెలను ఎత్తివ్రాయునప్పుడు ఒక అంకె జాఱిపోయినను కనిపెట్టుట కష్టము. పద్యములో ఒక మాట జాఱినచో గణము చెడును, యతి తప్పును. చదువరి నాలుక యే తప్పును పట్టును. కాని ఛందస్సు అన్ని తప్పులను పట్టజాలదు. శర, నగ యను రెండు మాటలును రెండేసి లఘువులే. ఒకదానిచోట మఱియొకటి పడినను గణభంగము కలుగకపోవచ్చును. 5 మాత్రము 7 అగును. కావున ప్రాచీన పద్యమున ఉన్నది గనుక సంఖ్య సరియైనదే యని ఊరకుండుట తగదు. ప్రాచీనమైనది గనుక తప్పయి యుండునని త్రోసిపుచ్చుటయు తగదు. రెండింటికిని గుణకారమే తీర్పరి.

ఆ పరీక్ష కష్టమైనది కాదు. అరువది నాలుగు మాఱులు రెట్టింపు చేయనక్కఱలేదు. 2ను వర్గము చేసిన 4, దానిని వర్గము చేసిన 16, ఆపై 256, ఆపై 65,536, ఆపై 4,29,49,67,296. దీనిని మఱియొకమాఱు వర్గము చేసినచో రెండు యొక్క అరువది నాలుగవ ఘాతము వచ్చును. అనగా ఆరు గుణకారములతో పని తీరును. వచ్చినదానినుండి ఒకటి తీసివేసినచో గడుల మొత్తము తేలును.

గుణకారములో తప్పు దొరలెనేమో యను సందేహమునకు తొమ్మిదితో శోధించు ఉపాయము గలదు. రెండు యొక్క ఘాతములను తొమ్మిదిచేత భాగించినచో శేషములు 2, 4, 8, 7, 5, 1 అని వచ్చి మరల మొదటికి తిరుగును. ఆరింటికొక చుట్టు. అరువది నాలుగవ ఘాతము చుట్టులో నాలుగవ స్థానమున పడును గనుక శేషము 7. ఒకటి తీసివేయగా 6. ఇప్పుడు పద్యములోని సంఖ్యయొక్క అంకెలన్నియు కూడినచో 87. ఎనిమిదియు ఏడును కూడ 15. ఒకటియు ఐదును కూడ 6. లెక్క సరిపోయినది.

అయినను ఈ శోధనకు లోపమొకటి గలదు. వ్రాతగాడు చివరి 15ను 51గా తాఱుమాఱు చేసినచో అంకెల మొత్తము మాఱదు, తప్పు బయటపడదు. అప్పుడు పదునొకటితో శోధింపవలయును. ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఒక అంకె విడిచి ఒక అంకె కూడినచో 62, విడిచినవి కూడినచో 25, భేదము 37. దీనిని పదునొకటిచేత భాగింప శేషము 4. రెండు యొక్క ఘాతములనుండి లెక్కించినను 4 యే రావలయును. చివరి రెండంకెలు తాఱుమారైనచో భేదము 29 అయి, శేషము 7 వచ్చి, తప్పు పట్టుబడును. ఒక శోధన విడిచిన తప్పును మఱియొక శోధన పట్టును. సత్యమును కాపాడుటకు ఒక్క కావలివాడు చాలడను నీతి ఇందు గలదు.

సంఖ్య సరియైనదని తేలిన పిమ్మట దాని లోపలికి పోవచ్చును. ఎనిమిదవ తరగతి విద్యార్థి యెఱిగిన సూత్రమొకటి ఇందుకు చాలును. రెండు వర్గముల భేదము ఆ రెండింటి మొత్తమును భేదమును గుణించినదానికి సమానము. ఈ సూత్రముచేత గడుల మొత్తము 4,29,49,67,297 అనియు 4,29,49,67,295 అనియు రెండుగా విడిపోవును. రెండవది 65,537, 65,535 అని విడిపోవును. 65,535లో 257, 255 ఉన్నవి. 255లో 17, 15 ఉన్నవి. 15లో 5, 3 ఉన్నవి. మెట్టు మెట్టుగా దిగివచ్చిన 3, 5, 17, 257, 65,537 అను ఐదును ప్రధాన సంఖ్యలు, ఇక విడిపోనివి. మిగిలినది 4,29,49,67,297 ఒక్కటే.

ఈ ఒక్కదానివలననే యూరపులో ఒక గొప్ప పేరుకు పరీక్ష వచ్చినది. పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున ఫెర్మా యను మహాగణితజ్ఞు డుండెను. ఆయన ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని 1640 ప్రాంతమున నమ్మి తన లేఖలలో ప్రకటించెను. మొదటి యైదును ఆయన మాటకు సాక్ష్యము పలికెను. దాదాపు తొంబది యేండ్లు గడచిన తరువాత, 1732లో, ఆయిలర్ అను స్విట్జర్లాండు దేశీయుడు ఆఱవదానిని విడదీసెను. అది 641ను 67,00,417చేత గుణింపగా వచ్చునది. కాగితము, కలము ఉన్న యే విద్యార్థియైనను కొన్ని నిమిషములలో ఈ గుణకారము చేసి చూడవచ్చును. ఫెర్మా గొప్పదనము దీనివలన తగ్గలేదు. కాని గొప్పవాని మాటయైనను గుణకారమునకు లోబడవలసినదే యని తేలినది. ఐదు నిదర్శనములు నిజమైనంతమాత్రమున ఆఱవది నిజము కానక్కఱలేదనియు తేలినది.

తెలుగు పద్యములోని సంఖ్య పరీక్షకు నిలిచినది. ఫెర్మా ఊహ నిలువలేదు. ఇందుచేత మనవారు గొప్ప, పరదేశీయులు తక్కువ యని చాటబూనుట తగదు. పద్యము చెప్పినది మొత్తమును మాత్రమే. దాని కారణాంకములను గూర్చి అది యేమియు చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పినట్లు పూర్వులకు అంటగట్టుట వారిని గౌరవించుట కాదు. వారు చేసిన లెక్కను మరల చేసి చూచుటయే వారికి చేయు గౌరవము.

ఇప్పుడు తిరుపతివారికి ప్రత్యేకముగా ఎదురగు ప్రశ్న యొకటి గలదు. గడుల మొత్తములోని ప్రధాన కారణాంకములను వరుసగా చెప్పినచో 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఇవి సరిగా ఏడు. తిరుమల కొండలును ఏడు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి యని పేర్లు చెప్పుచు పెరిగిన బాలుడు ఇది చూచి పులకించుట సహజము. కాని పులకింతతో ఆగిన విద్య సగము విద్య. ఇందు సంబంధ మేదైన ఉన్నదా యని అడుగవలయును. చదరంగమున గడులు ముప్పదిరెండే యైనచో ప్రధాన కారణాంకములు ఐదగును. పదునాఱే యైనచో నాలుగగును. అరువది యొకటి యైనచో మొత్తమును విడదీయనే వలనుపడదు. అది తానే ప్రధాన సంఖ్య. కావున ఏడను లెక్క పలకలోని గడుల సంఖ్యనుబట్టి వచ్చినదే గాని వేఱు రహస్యమువలన వచ్చినది కాదు. ఆ కొండల గౌరవమునకు ఈ కారణాంకముల సాక్ష్యము అక్కఱలేదు. ఈ కారణాంకముల సత్యమునకు ఆ కొండల సాక్ష్యము అక్కఱలేదు. కాకతాళీయమును మహిమగా భావించు అలవాటు ఒక్క సంఖ్యతో ఆగదు. వాహనముల సంఖ్యలకు, ముహూర్తపు అంకెలకు, పేరులోని అక్షరములకు అది ప్రాకును. ఆ యలవాటును ఆశ్రయించి బ్రతుకువారు అన్ని యూళ్లలోను గలరు.

వారికంటెను ప్రమాదకరమైనవారు రెట్టింపు లెక్కతో వ్యాపారము చేయువారు. ఒకడు కొంత సొమ్ము కట్టి ఇద్దరిని చేర్పవలెను. ఆ ఇద్దరును తలకిద్దరిని చేర్పవలెను. చేరిన ప్రతివాడును ధనవంతుడగునని వారు చెప్పుదురు. ఇది చదరంగపు పలకయే. గింజలకు బదులు మనుష్యులు. మొదటి వరుసలో ఒకడు, రెండవ వరుసలో ఇద్దరు, ఇట్లు ఇరువది రెండు వరుసలు నిండునప్పటికి చేరవలసినవారు 41,94,303 మంది. 2011 నాటి జనాభా లెక్కలలో అప్పటి అవిభక్త చిత్తూరు జిల్లా జనులు 41,74,064 మంది. అనగా కుప్పము మొదలు శ్రీకాళహస్తి వఱకు ఉయ్యెలలోని పసిపిల్లలను, మంచమునబడిన వృద్ధులను సైతము చేర్చినను ఇరువది రెండవ వరుస నిండదు.

ఇంకను విషాదకరమైన సంగతి మఱియొకటి గలదు. అది ఈ సంఖ్యలోనే దాగియున్నది. ఏ గడిని తీసికొన్నను, దానియందలి గింజలు అంతకుముందు గడులన్నిటిలోని గింజల మొత్తముకంటె ఒకటి ఎక్కువ. ఎనిమిది గింజల గడికి ముందున్నవి ఒకటి, రెండు, నాలుగు, మొత్తము ఏడు. దీనినిబట్టి, అట్టి గొలుసు ఏ వరుసలో తెగినను, చేరినవారిలో సగమునకు మించినవారు కడపటి వరుసలోనే యుందురు. వారు సొమ్ము కట్టినవారే గాని వారిక్రింద చేరినవా రొక్కరును లేరు. నష్టము దురదృష్టమువలన కలుగునది కాదు, లెక్కలోనే వ్రాసియున్నది. ఇట్టి గొలుసు పథకములను భారతదేశమున 1978లో చేయబడిన చట్టము నిషేధించినది. అయినను అవి పేర్లు మార్చుకొని మరల మరల తలయెత్తుచునే యున్నవి. చట్టము వచ్చులోపల ఇంటిని కాపాడగలది ఇంటిలో చదువుకొను బిడ్డ చేయు లెక్కయే. పదివేల రూపాయలు కట్టబోవు తండ్రికి ఒక పలకమీద ఇరువది రెండు వరుసలు వ్రాసి చూపగల బాలిక ఆ యింటికి బీరువా తాళముకంటె ఎక్కువ రక్ష.

లెక్కలు చేయుటకు యంత్రము లుండగా ఈ శ్రమ యెందులకని కొందరు అడుగుదురు. నేటి కంప్యూటరులలోను, చేతి ఫోనులలోను సంఖ్యలను అరువది నాలుగు స్థానములలో, ప్రతి స్థానమున సున్నయో ఒకటియో ఉంచి భద్రపఱతురు. ఆ స్థానములన్నిటిలో ఒకట్లే నిండినప్పుడు వచ్చు పరమావధి సంఖ్య మఱేదియు కాదు. చదరంగపు గడుల మొత్తమే. కావున ఈ సంఖ్య పాతబడినది కాదు. ప్రతివాని జేబులోను ఉన్నది. యంత్రము ఉపకారియే. కాని సామాన్యమైన గణనయంత్రములు పెద్ద సంఖ్యకు మొదటి కొన్ని అంకెలను మాత్రము చూపి, తక్కినవానిని విడిచివేయును. అప్పుడు గడుల మొత్తమును, దానికంటె ఒకటి ఎక్కువయిన సంఖ్యయు ఒక్కటిగానే కనబడును. నిజమునకు వానికి ఎంతో భేదము గలదు. ఒకటి ఎక్కువయిన సంఖ్యలో 2 తప్ప వేఱు ప్రధాన కారణాంకము లేదు. ఒకటి తక్కువయిన సంఖ్యలో 2 లేనే లేదు. బేసియైన ఏడు ప్రధాన సంఖ్యలున్నవి. ఆ ఒక్కటి విలువ యంత్రపు పలకమీద కనబడదు, ఆలోచించువానికి కనబడును.

తిరుపతి 1954లో విశ్వవిద్యాలయము వెలసిన యూరు. 2015 నుండి ఐ.ఐ.టి., ఐసర్ వంటి ఉన్నత విద్యాసంస్థలును అందు నడచుచున్నవి. ఆ విద్యాలయముల వాకిళ్లు కొందరికే తెఱచుకొనును. పరీక్షించు బుద్ధికి మాత్రము ప్రవేశపరీక్ష లేదు; పల్లెబడిలోని ఎనిమిదవ తరగతి గదిలోనే అది మొలకెత్తవచ్చును. ఇరువది అంకెల సంఖ్యను కంఠస్థము చేసి సభలో అప్పగించువానికి చప్పట్లు కొట్టుట సులభము. ఆ సంఖ్య సరియని ఎట్లు తెలిసినదని వానిని అడుగుట అంతకంటె అవసరము. దానికి బదులు చెప్పగల విద్యార్థి పూర్వుల పద్యమునకు నిజమైన వారసుడు. రేపు తన యింటి గడపలో నిలిచి రెట్టింపు లాభములు చూపువానికి సరియైన సమాధానము చెప్పగలవాడును వాడే.